తేనె పిలుపుతో సింహం జాడ అడిగిన ఒమారి

అనగనగా ఒక అడవిలో, అంటే మన అడవి కాదర్రా, సముద్రం దాటి చాలా దూరం పోతే వచ్చే అడవిలో, ఒక ముసలి సింహం ఉండేది. అక్కడ చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. ఎండాకాలంలో ఆ గడ్డి బెల్లం రంగుకు తిరుగుతుంది. అందులో సింహం పడుకుంటే పక్కనుంచి నడిచి వెళ్లినా కనబడదు. నవ్వకండి, నిజంగానే కనబడదు.

ఆ సింహం పేరు నల్లజూలు. ఆయన మెడ చుట్టూ జూలు బొగ్గులా నల్లగా ఉండేది. సింహాన్ని పట్టుకుని 'ఆయన' అంటావేంటని అడక్కండి. ఆ వయసుకు, ఆ పెద్దరికానికి నాకు 'అది' అనబుద్ధి కాదు.

అడవి అంచున ఒక పల్లె. ఆ పల్లెలో ఒమారి అని ఒకతను ఉండేవాడు. తేనె తీయడం అతని పని. చాలా మంచివాడు. మంచివాళ్లు కూడా తప్పులు చేస్తారు, అందుకే ఈ కథ.

తేనెపట్టు ఎక్కడుందో ఒమారికి తెలియదు. తెలిసింది చిర్రికి. చిర్రి అంటే పిడికెడు పిట్ట. చూడటానికి బూడిద రంగులో ఏమంత బాగుండదు. కానీ ఏ చెట్టు తొర్రలో ఏ పట్టుందో దానికి కంఠతా వచ్చు. పాపం, తేనెటీగలు కుడతాయని దగ్గరికి పోలేదు. ఒమారేమో పొగ పెట్టి ఈగల్ని తోలగలడు. అలా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

ఒమారి అడవిలోకి వచ్చి "బ్ర్ర్ర్... హుమ్" అని పిలిచేవాడు. చిర్రి వచ్చి, కొమ్మ మీంచి కొమ్మకు ఎగురుతూ దారి చూపించేది. ఒమారి తేనె తీసుకుని, చిర్రికి ఇష్టమైన మైనం ముక్క ఒకటి ఆకు మీద పెట్టి, "తిను తల్లీ, అంతా నీ పుణ్యమే" అని దండం పెట్టేవాడు. ఆ పిలుపు అతనికి వాళ్ల నాన్న నేర్పాడు. ఆయనకు వాళ్ల నాన్న. తేనెకు తప్ప దేనికీ ఆ పిలుపు పిలవకూడదు. పిల్లలెవరైనా సరదాకి పిలిచారో, వీపు విమానం మోత మోగిపోయేది.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. పల్లెలో బావి ఎండిపోయింది. ఆడవాళ్లు తెల్లారగానే బిందెలు తీసుకుని బయల్దేరితే, నీళ్లు తెచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. ఒమారి అక్క రెహేమా ఆ పల్లెకు పెద్ద. ఆవిడ పాదాలు పగిలి, వాచిపోయాయి.

సరిగ్గా అప్పుడే ఒక వేటదొర జీపులో దిగాడు. ఇంత పొడుగు తుపాకీ. వేటాడొచ్చని సర్కారు ఇచ్చిన చీటీ కూడా ఉంది.

"నాకు నల్ల జూలున్న సింహం తల కావాలి. దొరికితే మీ పల్లెకు బోరు వేయిస్తాను" అన్నాడు.

తింటాడా అంటారా? తినడు. గోడకు తగిలించుకుంటాడు. అవును, గోడకే! కళ్లు అంత చేస్తే నేనేం చేయను? మనుషులకు అలాంటి ముచ్చట్లు కూడా ఉంటాయి మరి.

రెహేమా తమ్ముణ్ణి పిలిచింది. "తమ్ముడూ, అది ముసలి సింహం. పళ్లరిగిపోయాయి. ఇవాళో రేపో పోయేదే. ఆ పోయేదేదో మనకు నీళ్లిచ్చి పోతే తప్పేముంది? పైగా ఈ దొరలు వచ్చి ఊళ్లకు ఏదో ఒకటి ఇవ్వకపోతే జనం సింహాల్ని ఎన్నాళ్లు ఓర్చుకుంటారు చెప్పు?" అంది.

మీరైతే ఏమంటారు? ఆ వాచిన పాదాలు చూస్తే కాదనడం కష్టమే. ఒమారీ కాదనలేకపోయాడు. సరేనన్నాడు.

మొదటి రోజు గడ్డంతా వెతికాడు. రెండో రోజు పుట్టలన్నీ ఎక్కి చూశాడు. మూడో రోజు ముళ్లు గీరుకుని, చొక్కా చింపుకుని ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. నాలుగో రోజు పొద్దున్నే చేయకూడని పని చేశాడు.

"బ్ర్ర్ర్... హుమ్!"

చిర్రి రివ్వున వచ్చి వాలింది. "పద పద ఒమారీ! ఇవాళ పెద్ద పట్టు చూసి పెట్టాను!" అంది.

ఒమారి తల దించుకున్నాడు. "తేనె కాదు తల్లీ. నల్లజూలు ఎక్కడ పడుకుంటాడో చూపించు. దొర నా వెనకాల వస్తాడు, సింహం దొరికితే నీళ్లు లేని మా పల్లెకు బోరు వేయిస్తాడు. చూపించావంటే ఇక నుంచి ప్రతి పట్టులో సగం నీదే."

"ఏమిటీ! తేనె పిలుపుతో పిలిచి ప్రాణం అడుగుతావా? సిగ్గులేదూ నీకు?" అని చిర్రి గయ్యిమంది.

గయ్యిమంది సరే, సగం పట్టు అనేసరికి దానికి నోరూరింది. కోపమూ ఆశా రెండూ ఒకేసారి వచ్చాయి. మనకు రావూ? "రేపు చెప్తాలే" అని ఎగిరిపోయింది.

దారిలో కనబడినవాళ్లకల్లా సంగతి చెప్పింది. ముందు జీబ్రా కనబడింది. "చూపించు, చూపించు! మా పిన్నిని తినేశాడు ఆయన. నాకు కడుపు మండిపోతోంది" అంది జీబ్రా. దాని బాధ దానిది. తప్పనలేం.

తర్వాత హైనా కనబడింది. "చూపించవే చిర్రీ! ఆయన పోతే అడవంతా నాదే. రోజూ పండగే!" అని ఇకిలించింది.

చివరికి ఏనుగమ్మ కనబడింది. ఆవిడ చెవులూపడం ఆపి, చిర్రి వైపు చూసింది. "కొండ అవతలి లోయలో ఇలాగే ఒక ముసలి సింహాన్ని తుపాకీతో కొట్టారమ్మా. వారం తిరక్కుండా బయటి మగసింహాలు వచ్చిపడ్డాయి. ఆయన పిల్లల్లో ఒక్కదాన్ని కూడా బతకనివ్వలేదు. ఆ వచ్చినవాళ్లకు ఆ చోటు కొత్త, ఆవులు తేలిగ్గా దొరికాయి. ఆవులు పోయాయని ఊరివాళ్లు మాంసంలో విషం పెట్టారు. ఇప్పుడక్కడ ఒక్క సింహమూ లేదు. రాబందు కూడా ఎగరడం లేదు. నా మాట నమ్మకపోతే వెళ్లి ఆయన్నే చూడు" అంది.

చిర్రి వెళ్లింది. ఎండిపోయిన వాగు గట్టున నల్లజూలు పడుకుని ఉన్నాడు. మూడు సింహం పిల్లలు ఆయన మీద ఎక్కి ఆడుతున్నాయి. రెండు తోక కొరుకుతున్నాయి. ఒకటి చెవి పట్టుకుని వేలాడుతోంది. ఆయన కిమ్మనడం లేదు.

"తాతా, పొద్దస్తమానం పడుకునే ఉంటావా?" అంది చిర్రి.

"పడుకోవడం కాదమ్మా, కనబడటం. వాగు అవతల చూడు" అన్నాడు నల్లజూలు.

అవతలి గట్టు మీద ముగ్గురు కుర్ర మగసింహాలు. బలిసి ఉన్నారు. కళ్లన్నీ ఇటే.

"రోజూ వచ్చి చూస్తారు, నేనున్నానా లేనా అని. ఉన్నానని చెప్పడమే నా పని. వేటంతా ఆడవాళ్లే చేస్తారు, నాకు పళ్లేవి? ఇంకో రెండు వానాకాలాలు నేనుంటే చాలు. ఈ పిల్లల్లో ఇద్దరు మగవాళ్లు. జూలు వస్తే వాళ్లే చూసుకుంటారు."

చిర్రి ఆయన పక్కకు దిగి వాలింది. ఉన్నదున్నట్టు అంతా చెప్పేసింది. సగం పట్టు సంగతి కూడా దాచలేదు.

నల్లజూలు చెవికి వేలాడుతున్న పిల్లను మెల్లగా దించాడు. తర్వాత "నీళ్లు లేక అడిగారా? పాపం" అన్నాడు. "నేను పారిపోలేనమ్మా. పారిపోతే వీళ్లేమైపోతారు? ఇక నీ ఇష్టం."

చిర్రి తిన్నగా ఒమారి ఇంటి మీద వాలింది. "రా, చూపిస్తాను. దొర వద్దు, తుపాకీ వద్దు. పిలిచింది నువ్వు, రావాల్సింది నువ్వు" అంది.

ఆ పిట్ట పిలిస్తే ఆఖరిదాకా వెళ్లాల్సిందే, అది వాళ్ల ఆనవాయితీ. ఒమారి వెళ్లాడు. చెట్టెక్కి కూర్చుని చూశాడు.

కాసేపటికి ఆ కుర్ర సింహాలు వాగులోకి దిగాయి. మెల్లగా సగం దూరం వచ్చేశాయి. పిల్లలు మూడూ పక్కనే ఉన్న తల్లి కిందికి దూరాయి. అప్పుడు లేచాడు నల్లజూలు. వెనక కాళ్లు వణుకుతున్నాయి. అయినా లేచాడు. ఒక్కో అడుగే వేసుకుంటూ వాగు మధ్యకు వెళ్లి, తలెత్తి గర్జించాడు. ఒమారి కూర్చున్న కొమ్మ అదిరిపోయింది! కుర్రవాళ్లు ఆగారు, మొహమొహాలు చూసుకున్నారు, వెనక్కి తిరిగారు.

నల్లజూలు గట్టెక్కి దబ్బున పడ్డాడు. రొప్పుతున్నాడు. ఒక పిల్ల వచ్చి ఆయన ముక్కు నాకింది.

ఒమారి ఇటు తిరిగి చూశాడు. వాగుకు ఇటు పక్కన తమ పల్లె ఆవులు మేస్తున్నాయి. ఇన్నేళ్లుగా మందలో దూడలు పోనిది తమ కాపలా గొప్ప వల్లే అనుకున్నాడు. తమ కాపలాయా! ఒమారి ఆ కొమ్మ మీదే కూర్చుని భోరుమన్నాడు.

ఇంటికొచ్చి అంతా అక్కకు చెప్పాడు. రెహేమా విన్నది. "అంతా బాగానే ఉంది తమ్ముడూ. ఆ సింహం నా బిందె నింపుతుందా?" అని అడిగింది.

"నింపదక్కా. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఆయన పోతే ముందు ఆ పిల్లలు పోతాయి, తర్వాత మన ఆవులు పోతాయి. ఒక్కసారి నువ్వూ వచ్చి చూడు."

మర్నాడు ఆవిడ ఆ వాచిన కాళ్లతోనే వెళ్లి చూసింది. తిరిగొచ్చి, తిన్నగా జీపు దగ్గరికి వెళ్లి, "దొరా, నీ బోరు నువ్వే ఉంచుకో. మా పెద్దాయన్ని మేం ఉంచుకుంటాం" అంది. దొర చాలాసేపు బతిమాలాడు, విసుక్కున్నాడు, చివరికి జీపెక్కి వెళ్లిపోయాడు.

ఇక బోరు పడిందా అంటారా? పడలేదు. నేను లేనిపోనివి చెప్పను. కానీ ఆ రోజు నుంచి మగవాళ్లూ బిందెలు ఎత్తారు. మొదటి రోజు ఒమారి సగం నీళ్లు నెత్తి మీద ఒలకబోసుకున్నాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. అందరూ కలిసి పాత బావిని ఇంకా లోతుకు తవ్వారు. ఆలస్యంగానైనా వానలు పడ్డాయి, బావిలో ఊట కనబడింది.

ఒమారి చిర్రి దగ్గరికి వెళ్లి, పిలవకుండానే చెట్టు కింద నిలబడ్డాడు. "తప్పైపోయింది తల్లీ. ఆ రోజు నువ్వు నా మాట విని ఉంటే నేనేమైపోదును?" అన్నాడు. చిర్రి "సరేలే, పద, ఈగలు లేచేలోగా" అంది. దాని కోపం అంతసేపే.

తెల్లారి నీళ్లకు వెళ్లేటప్పుడు వాగు వైపు నుంచి గర్జన వినబడేది. ఆడవాళ్లు నడుస్తూనే "ఉన్నావా తాతా? చల్లగా ఉండు" అనేవాళ్లు.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. ఒక ఉదయం గర్జన వినబడలేదు. రెహేమా బిందె దించేసింది. అందరూ వాగు దగ్గరికి పరుగెత్తి దూరంగా నిలబడ్డారు. నల్లజూలు ముందు కాళ్ల మీద తల పెట్టుకుని, నిద్రపోతున్నట్టే పోయాడు. ఒంటి మీద ఒక్క గాయం లేదు.

అవతలి గట్టు మీద ఆ ముగ్గురూ లేచారు. వాగులోకి దిగారు. రెహేమా పక్కావిడ చేయి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ముసలాయన పక్కనుంచి ముగ్గురు లేచారు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. అన్నదమ్ముల మెడ మీద నల్లటి జూలు అప్పుడప్పుడే గుబురుగా వస్తోంది. వాగు మధ్యకు నడిచి గర్జించారు. ఒకడి గొంతు మధ్యలో జీరపోయింది కూడా. అయినా చాలింది. అవతలివాళ్లు ఆగి, వెనక్కి తిరిగి, కనుచూపు దాటి వెళ్లిపోయారు.

రెహేమా రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"వెళ్లిరా పెద్దాయనా" అంది. "నీ పిల్లలు ముగ్గురూ ఉన్నారు. మా ఆవులన్నీ ఉన్నాయి. అంతా నీ చలవే."

నీతి: ముసలివాళ్లయిపోయారు, ఇక ఎందుకు పనికొస్తారు అని తీసిపారేసే ముందు, వాళ్లు ఇన్నాళ్లూ నిశ్శబ్దంగా ఏం కాపాడుతున్నారో వెళ్లి కళ్లారా చూడాలి, చూశాక, వాళ్లు ఉండగానే కృతజ్ఞత చెప్పాలి.