బొండయ్య కూర్చున్న చోటు

అనగనగా, మబ్బులు దిగొచ్చి కొండల మీద కునుకు తీసే ఒక అడవిలో, బొండయ్య అనే పందికొక్కు ఉండేవాడు. మనసు మంచిదే. కానీ ఎక్కడికెళ్లినా ముందు కూర్చోకపోతే ఆయనకు ముద్ద దిగదు. పెళ్లి భోజనాల్లో తొలి పంక్తిలో మొదటి విస్తరి ఆయనదే!

ఒక వానాకాలం పొద్దున కాకి ఎగిరొచ్చింది.

"బొండయ్యా! అవతలి కొండచరియ జారింది. మీ చెల్లెలి బొరియ మూసుకుపోయింది. పిల్లలతో సహా లోపలే ఉండిపోయింది!" అని అరిచింది.

బొండయ్య ఒక్క ఉరుకున బయటికొచ్చాడు. అంత మట్టి తవ్వగలవాడు ఆ అడవిలో ఆయనొక్కడే. కానీ మధ్యలో లోయ. లోయ నిండా వరద.

"నా ఆకువిమానం ఉందిగా బాబాయ్!" అంది ఉడుత రవ్వమ్మ. టేకాకులను వెదురు పుల్లలకు కుట్టి చేసిందది. "ముందు ఈ మిట్ట మీంచి ఎగిరి చూద్దాం."

"పెద్దవాణ్ణి, నేను ముందు కూర్చుంటా" అన్నాడు బొండయ్య. ఇంకేముంది, విమానం ముక్కు కిందికి వాలింది. సరాసరి వెళ్లి బురదలో గుచ్చుకుంది.

ఆయనకు ఉక్రోషం వచ్చింది. "అయితే అసలు చివరే కూర్చుంటాలే!" అని తోక మీద చతికిలపడ్డాడు. ఈసారి ముక్కు ఆకాశానికి లేచింది. రెక్కలకు గాలి పట్టు తప్పింది. విమానం తోక ముందుగా దబ్బున కూలింది.

రవ్వమ్మ నవ్వలేదు. విమానాన్ని ఒక కొమ్మ మీద అడ్డంగా పెట్టి, బొండయ్యను అటూ ఇటూ జరిపించింది. రెక్కల నడుమ ఒక చోటికి రాగానే అది కావడిలా తూగి నిలిచింది.

"నీ బరువు తప్పు కాదు బాబాయ్. అది ఉండాల్సిన చోటు ఇది. ఇక్కణ్ణించి కదలకు."

"ఇక్కణ్ణించి ఏమీ కనపడదే!"

"కనపడదు. కానీ ఎగురుతాం."

పిసరంత బరువున్న రవ్వమ్మ తోక కొసన కూర్చుంది. కొండ అంచు నుంచి విమానం గాల్లోకి తేలింది. ఒక మబ్బు వచ్చి బొండయ్య మీసాలు తడిపింది. కింద వరద హోరు జోలపాటలా సన్నగిల్లింది. తను మెలకువగా ఉన్నాడో, మధ్యాహ్నం కునుకులో ఉన్నాడో ఆయనకే తెలియలేదు. ఎంత హాయి!

అంతలో అవతలి కొండ దగ్గరపడింది. చెల్లెలి గడప అందరికంటే ముందు తనే చూడాలని పాత బుద్ధి లేచింది. ఒక్క అడుగు ముందుకు పాకాడు. ముక్కు వంగింది. మబ్బు విడిపోయి, కింద ఎర్రటి వరద కనిపించింది.

"బాబాయ్!" అని కేక పెట్టింది రవ్వమ్మ.

బొరియలో ఉన్న పిల్లలు గుర్తొచ్చారు బొండయ్యకు. కళ్లు మూసుకుని వెనక్కి పాకాడు. తన చోటికి చేరి, ఊపిరి బిగబట్టి ముడుచుకున్నాడు. ముక్కు నెమ్మదిగా లేచింది. విమానం అవతలి కొండ గడ్డి మీద వాలింది.

ఆయన ఒళ్లు మరచి తవ్వాడు. మట్టి విడగానే ఒక బుల్లి ముక్కు బయటికొచ్చింది. ఆ వెనకే ఇంకోటి. చివరికి చెల్లెలు. బొండయ్య భోరున ఏడ్చేశాడు.

"ఇంత దూరం ఎగిరొచ్చావా అన్నయ్యా! ముందు నువ్వే కూర్చున్నావు కదూ?" అంది చెల్లెలు, గడ్డి మీది ఆకువిమానాన్ని చూసి.

"లేదమ్మా. ముందు కూర్చుని ఉంటే నీ దగ్గరికి వచ్చేవాణ్ణే కాదు" అన్నాడు బొండయ్య.

నీతి: ముందున్న చోటు కాదు, తూకం నిలిపే చోటే గొప్ప చోటు.