ఎదిగే పిల్ల రాకెట్

పేరయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక వస్తువు చేతికిచ్చి చూడమనేవారు. తెనాలిలో ఆయన మట్టి కోర్టులో టెన్నిస్ నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

వాళ్ళలో మార్కండేయులు ఒకడు. తన ఏడేళ్ళ కూతురు నీలవేణికి అదే కోర్టులో తానే ఆట నేర్పుతున్నాడు. ఒకనాటి ఉదయం గురువు దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"నాకేమీ పాలుపోవడం లేదు మాస్టారూ. దుకాణంవాడు పిల్లకి తేలిక రాకెట్ కొనమంటాడు. తోటివాళ్ళు తీగలు వదులు చేయించమంటారు. ఎదిగే పిల్ల కదా అని నేను పెద్దవాళ్ళ రాకెట్టే కొన్నాను. బంతి వల దాటడం లేదు. మొన్నటినుంచి పిల్ల మణికట్టు వాచి ఉంది. ఇంకోటి కొననా, అసలు ఆటే మాన్పించనా?"

"బూట్లు కూడా నీ కొలతకే కొన్నావా?"

"లేదండీ. రెండు సైజులే పెద్దవి."

మాస్టారు ఆ పిల్ల రాకెట్ తెప్పించి అతని చేతిలో పెట్టారు. "తీసుకెళ్ళి చూడు. ఏం కనిపించిందో రేపు చెప్పు."

మర్నాడు మార్కండేయులు వచ్చాడు. "అమ్మాయిని అడిగానండీ. బాగుంది నాన్నా అంది."

"అడగమన్నానా? చూడమన్నాను."

మూడో రోజు మరింత అయోమయంగా వచ్చాడు. రాకెట్ ఎక్కడా పగల్లేదన్నాడు. తీగలు బిగువుగానే ఉన్నాయన్నాడు. తూకం కూడా వేయించానన్నాడు. మాస్టారు తలెత్తకుండా, "చెయ్యి పట్టేచోటు చూడు" అన్నారు.

అప్పుడు చూశాడు. పిడికి చుట్టిన తెల్లపట్టీ కింది సగం కొద్దిగానే మాసింది. పై సగం చెమటతో, మట్టితో నల్లబడింది. పట్టీ దాటి పైనున్న కాడమీద కూడా చిన్న వేళ్ళ మరకలున్నాయి. మార్కండేయులు కూతుర్ని పిలిచాడు.

"ఇంత పైన పట్టుకుంటున్నావేమ్మా? నేనెప్పుడూ చూడలేదే."

నీలవేణి వాచిన చెయ్యి గౌను వెనక పెట్టుకుంది. "నువ్వు ఇటు చూసినప్పుడే కిందికి జరుపుతాను నాన్నా. అక్కడ బరువు."

పెద్దలు ముచ్చటపడి కొన్నదాన్ని పిల్లలు కాదనలేరు. వాళ్ళ మొహమాటాన్ని మనం మెప్పుగా లెక్కవేసుకుంటాం. అది చిన్న తప్పు కాదు.

మార్కండేయులు రాకెట్ పక్కన పెట్టాడు. అయినా అతని చిక్కు పూర్తిగా విడిపోలేదు. "అయితే ఎన్ని అంగుళాల రాకెట్ కొనమంటారు మాస్టారూ?" అని మళ్ళీ అడిగాడు.

"చెయ్యి నయమయ్యాక పిల్లను దుకాణంలోకి పంపు" అన్నారు పేరయ్య మాస్టారు. "నువ్వు వీధిలో అటు తిరిగి నిలబడు."