ఇంటి ముందు డ్యూటీ

జగన్నాయకులుగారిని ప్రశ్న అడగదలిస్తే ముందు చెప్పులు తొడుక్కోవాలి. మున్సిపాలిటీ మేనేజరుగా సిబ్బంది మంచిచెడ్డలు చూసి చూసి రిటైరైన మనిషి. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పరు. "పద" అని వీధిలోకి లాక్కుపోతారు.

ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆయన కుర్చీలోనే కూర్చుంటున్న హైమావతి, ఆ మధ్యాహ్నం కళ్లనీళ్లతో వచ్చింది.

"గురువుగారూ, మన ఉద్యోగంలో రూలు పట్టుకోవాలా, జాలి పట్టుకోవాలా?"

సంగతేమిటంటే, వీధులూడ్చే నూకాలు మోకాళ్లనొప్పులతో ఊరి ఆ చివరి వార్డుకి కుంటుతూ పోతుంటే హైమావతి చూడలేకపోయింది. కమిషనరుతో పోట్లాడి మరీ ఆమెకి సొంత వీధిలోనే డ్యూటీ వేయించింది. నెల తిరక్కుండానే నూకాలు పని మానేస్తానని కాగితం ఇచ్చింది. రేపు పొద్దుటికల్లా ఆ కాగితం కమిషనరుకి పంపాలి. పంపితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మంచికి పోతే చెడు ఎదురైందే అని పాపం హైమావతి బాధ.

"పద," అన్నారు గురువుగారు.

వీళ్లు నూకాలు ఇంటికి వెళ్లేసరికి ఆమె కంచం ముందు కూర్చుని ఉంది. లేవబోతుంటే వద్దని వారించి, గురువుగారు అరుగు మీద చతికిలబడ్డారు. రెండు ముద్దలు గొంతు దిగాయో లేదో, ఎదురింటావిడ కేక.

"నూకాలత్తా! మా కాలువ పొంగిపోతంది, ఓపాలి సూడవే!"

నూకాలు చెయ్యి కడుక్కుని, మోకాలు పట్టుకుని లేచింది. పోయి, కాలువ బాగుచేసి వచ్చి మళ్లీ కూర్చుందో లేదో, పక్కింటి ముసలాయన చెత్తబుట్టతో గుమ్మంలో తయారు! హైమావతికి ఒళ్లు మండిపోయింది.

"డ్యూటీ అయిపోయింది, రేపు రండి అని చెప్పొచ్చుగా నూకాలూ!"

"ఎలాగ సెప్తానమ్మా? జొరమొస్తే గంజి కాసిచ్చినోళ్లు ఈళ్లే గదా! పాత వార్డు నుంచొచ్చీసరికి కాళ్లు పీకీవి, నిజివే. గానీ ఇంటికొచ్చాక నాను నూకాల్ని. ఇప్పుడు ఇంట్లోన కూడా మున్సిపాలిటీయే."

హైమావతి ముఖం చిన్నబోయింది. తర్వాత గురువుగారి పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కడికి పంపితే మోకాళ్ల బాధ. ఇక్కడ ఉంచితే ఇదీ వరస. ఈమెని ఏ వార్డుకి వెయ్యమంటారు గురువుగారూ?"

గురువుగారు కండువా దులుపుకుని లేచారు.

"నన్నడుగుతావేం తల్లీ? మనిషి ఎదురుగానే ఉందిగా."