సన్నరేవు జాడలేనమ్మ: బోర్లించిన కుండ కథ

సన్నరేవుకు వచ్చే భక్తులు ముందుగా అడవి దాటాలి. బస్సు జీడితోటల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎర్రమట్టి బాట సరుగుడు చెట్ల మధ్యగా, మొగలి పొదల పక్కగా సాగి, చివరికి పాత పొగడ చెట్ల కిందికి చేరుతుంది. నడుస్తూ ఉండగానే కాళ్ళ కింద మట్టి ఇసుకగా మారిపోతుంది. సముద్రం ఇంకా కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అది ఏ వైపు నుంచి వస్తున్నదో తెలియదు. చెట్లే ఊపిరి పీలుస్తున్నట్లు ఉంటుంది.

పొగడ నీడ ముగిసే చోట చెప్పులు విడవాలి. మాటలు కూడా అక్కడే విడవాలి. ఆపైన తెల్లని సన్న ఇసుక, దాని అంచున నీరు, అంతే. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు కర్రల మీద తాటాకు పందిరి, దాని కింద పసుపు పూసి కుంకుమ పెట్టిన ఒక బోర్లించిన కుండ ఉంటాయి. ఆ కుండే జాడలేనమ్మ తల్లి. విగ్రహం ఎక్కడ ఉందని కొత్తవారు వెతుకుతారు. వెతకనవసరం లేదు.

దర్శనమైన తరువాత ప్రతివారూ పందిరి పక్కన పేర్చి ఉన్న ఈతమట్టల్లో ఒకటి తీసుకోవాలి. సముద్రానికి ముఖం పెట్టి, వెనక్కి నడుస్తూ, తమ అడుగులను తామే తుడుచుకుంటూ అడవిలోకి పోవాలి. సాయంత్రానికి ఈ ఇసుక మీద ఎవరూ ఎన్నడూ నడవనట్లే ఉంటుంది. ఈ ఆచారం ఎలా వచ్చిందో పెద్దలు చెప్పిన ప్రకారం ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ పొగడ చెట్లను ఆనుకుని జాలరుల పల్లె ఉండేది. మగవారు తెప్పల మీద వేటకు పోయేవారు. తెప్పను నీళ్ళలోకి తోసే ముందు, పోటు అందని మెరక మీద, వేటకు పోయే మనిషి తన కుడికాలు గట్టిగా మోపేవాడు. అతని భార్య ఆ అడుగు మీద కుండ బోర్లించేది. మనిషి తిరిగి రాగానే కుండ ఎత్తి, అడుగు చెరిపి, ఇద్దరూ ఇంటికి పోయేవారు. మనిషి రాకపోతే మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఊరి పెద్ద వచ్చి కుండ ఎత్తి చూసేవాడు. అడుగు చెదరకుండా ఉంటే మనిషి బతికి ఉన్నట్లు, ఆమె ముత్తైదువ. అడుగు చెదిరితే మనిషి లేనట్లు, ఆమె గాజులు తీసేయాలి. ఇదీ వారి కట్టుబాటు.

ఆ పల్లెలో కామెల్లి అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త దానయ్య, అత్త గురువమ్మ. ఆ ఏడు మాఘమాసంలో చేపలు సరిగా పడలేదు. ఆ మాసంలోనే తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. తాబేలు కూర్మనాథుని రూపమని, దాని గూడు తవ్వరాదని అంతకుముందు ఊరంతా పాటించేది. ఆకలికి తాళలేక ఎవడో ఒకడు తవ్వాడు. వాడిని చూసి మరొకడు తవ్వాడు. ఆ తరువాత ఇంట్లో గంజి ఉన్నవారు కూడా తవ్వారు. ఆకలి పాపం కాదు. ఆకలి పేరు చెప్పుకుని అలవాటు చేసుకోవడం పాపం. తాబేలు నడిచిన జాడ ఇసుక మీద బండిచక్రం జాడలాగా స్పష్టంగా ఉంటుంది. పొద్దున్నే ఆ జాడ పట్టుకుని పోతే గూడు దొరికేది.

ఒకనాడు వేటకు పోయిన దానయ్య ఎదురుగాలిలో చిక్కి తిరిగి రాలేదు. ఊరి పెద్ద చిన నూకన్న రోజూ పొద్దున వచ్చి కుండ ఎత్తేవాడు. చిటికెనవేలు పక్కకు వాలిన దానయ్య అడుగు చెక్కుచెదరకుండా కనిపించేది. "ఉన్నాడమ్మా నీ మనిషి" అని కుండ మళ్ళీ బోర్లించేవాడు. నిద్రపోయే పసిబిడ్డను తొంగి చూసినట్లు కామెల్లి ఆ అడుగును చూసుకునేది. ఆ మాటతోనే ఆమెకు ఆ పూట అన్నం దిగేది.

ఒక వేకువన ఆమె ముందుగానే వచ్చి కుండకు కాపలా కూర్చుంది. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. నీళ్ళలోంచి ఒక తాబేలు వచ్చింది. ఆగుతూ, ఆయాసపడుతూ మెరక ఎక్కి, సరిగ్గా కుండ పక్కన, జానెడు దూరంలో గొయ్యి తీసి గుడ్లు పెట్టింది. పెడుతున్నంతసేపూ దాని కళ్ళ నుంచి నీరు కారుతూనే ఉంది. కామెల్లి కదలలేదు. తాబేలు ఇసుక కప్పి, ఒంటితో అదిమి, నీళ్ళలోకి పోయింది.

కామెల్లి పొగడ మొదలుకు చేరగిలబడింది. కన్ను మూసిందో లేదో, తడి జుట్టు విరబోసుకున్న ఒక ముసలమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఆమె వెనక ఇసుక మీద ఒక్క అడుగు కూడా లేదు.

"అమ్మీ, నా బిడ్డ నీ వాకిట్లో పురుడు పోసుకుంది. పురిటిల్లు ఎవరికీ సూపించకు" అన్నది ముసలమ్మ.

"కుండ ఎత్తడానికి పెద్దలొస్తారు కదమ్మా. కుండ పక్కనే ఉంది మరి."

"కుండ లేకపోతే ఎందుకొస్తారు?"

కామెల్లి కుండ వైపు చూసింది. "కుండ తీసేత్తే నా మనిసి పోయినట్టే కదా తల్లీ?"

"నీ మనిసి జాడ నువ్వే కాస్తావా, నన్ను కాయనిస్తావా?" అని ముసలమ్మ అడిగింది. జవాబు కోసం ఆగలేదు.

కామెల్లి ఉలిక్కిపడి లేచింది. పల్లె వైపు నుంచి మనుషుల నవ్వులు వినిపిస్తున్నాయి. తాబేలు జాడ ఒక్కటే తుడిస్తే చాలదు. పెద్దలు వచ్చి కుండ చుట్టూ మూగితే, గుల్లబారిన ఇసుక వారి కాళ్ళకు తగులుతుంది. సంగతి తెలిసిపోతుంది. ఆమె కుండ ఎత్తింది. భర్త అడుగు వైపు చూసింది. చాలాసేపు చూసే వ్యవధి కూడా ఆమెకు లేదు. పక్కన పడి ఉన్న ఈతమట్ట తీసుకుని ఆ అడుగును, గూడును, తాబేలు జాడను కలిపి తుడిచింది. నీటి అంచు నుంచి వెనక్కి నడుస్తూ తన అడుగులను కూడా తుడుచుకుంటూ చెట్ల కిందికి వచ్చి నిలబడింది.

చిన నూకన్న నలుగురు మగవారితో వచ్చి చూశాడు. "కుండేదమ్మా?"

"ఎత్తేసినాను పెద్దయ్యా."

"అడుగేటయింది? గాలికి సెదిరిందా?"

అవును అంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కామెల్లి అబద్ధం ఆడలేదు. "నా సేత్తోనే తుడిసేసినాను" అన్నది.

"ఎందుకు తుడిసినావు?"

దానికి ఆమె బదులు చెప్పలేదు. చెబితే పురిటిల్లు చూపించినట్లే. వెనకనున్న వారిలో ఒకడు, "మొగుడి కోసం సూసి సూసి ఇసుగొచ్చేసుంటాది" అన్నాడు. మిగిలినవారు నవ్వలేదు గాని, వాడిని వారించనూ లేదు.

ఆ మధ్యాహ్నం గురువమ్మ తన చేతులతోనే కోడలి గాజులు తీసింది. "నా కొడుకుని సముద్రం ఏటీ సెయ్యలేదే. నువ్వు సంపినావు" అన్నది. ఆ మాట పడి కూడా కామెల్లి నోరు విప్పలేదు. మంచి పని చేసి మెప్పు పొందడం ఎవరికైనా చేతనవుతుంది. మంచి పని చేసి నింద మోయడం వ్రతం.

ముండమోసిన మనిషి కుండ తీసిన చోటు అపశకునమని మగవారు ఆ వైపు రావడం మానేశారు. గుడ్లు తవ్వేవారూ రాలేదు. కామెల్లి మాత్రం రోజూ వేకువన ఈతమట్ట తీసుకుని వచ్చి, కొత్తగా వచ్చిన తాబేళ్ళ జాడలు కూడా తుడిచేది. చెలమ దగ్గర ఆడవారు, "వాకిలి ఊడవడం మానేసి అడవి ఊడుస్తాందంట" అని ఆమె వినేలా అనుకునేవారు. ఆమె కడవ నింపుకుని పోయేది.

ఒక సాయంత్రం ఆమెకు ఒక సందేహం వచ్చింది. భర్త చిటికెనవేలు కుడికి వాలి ఉండేదా, ఎడమకా? ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. గాజులు తీసిన రోజున ఏడవని మనిషి ఆనాడు ఏడ్చింది. అయినా మర్నాడు వేకువన మళ్ళీ ఈతమట్ట పట్టుకుంది.

మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది. పున్నమి నాటి వేకువన, చంద్రుడు అడవి మీదికి వాలుతుండగా, కుండ ఉండిన చోటి పక్కనే ఇసుక కదిలింది. అన్నం ఉడుకుతున్నట్లు పొంగింది. అందులోంచి నాణెమంత తాబేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికి వచ్చాయి. వెన్నెల మెరుస్తున్న నీటి వైపు అన్నీ ఒక్క పెట్టున పోయాయి. చివరిది అలలో కలిసేదాకా కామెల్లి చూసింది. తరువాత వాటి చిన్న చిన్న జాడలను తుడుస్తూ, సముద్రానికి ముఖం పెట్టి, అలవాటు ప్రకారం వెనక్కి నడిచింది. పొగడ నీడ వీపుకు చల్లగా తగిలింది.

"ఏటే, ఇల్లు తుడవడం సాలక సముద్రం కూడా తుడిసేత్తన్నావా?" అని వెనక నుంచి ఒక గొంతు.

ఆమె తిరిగి చూడలేదు. కల అయితే చెదిరిపోతుందని భయం. "నువ్వే అయితే ముందుకొచ్చి అడుగెయ్యి. సూస్తాను" అన్నది.

ఆ మనిషి ఆమె పక్కనుంచి వచ్చి, తుడిచిన ఇసుక మీద కుడికాలు మోపి తీశాడు. చిటికెనవేలు పక్కకు వాలి ఉంది. కుడి పక్కకు.

కామెల్లి ఆ అడుగు మీద కుండ బోర్లించలేదు. ఈతమట్టతో దాన్ని తుడిచేసి, అప్పుడు భర్త ముఖం వైపు చూసింది.

దానయ్య తెప్ప విరిగి ఎక్కడో దూరపు ఒడ్డున పడ్డాడు. అక్కడివారు జ్వరం తగ్గేదాకా గంజి పోశారు. లేచాక అడవి దారిన నడిచి వచ్చాడు. దారి తప్పినప్పుడల్లా తడి జుట్టున్న ఒక ముసలమ్మ ముందు నడిచేదట. "ఎంత సూసినా ఆ ముసల్దాని అడుగు ఒక్కటీ పడలేదే" అని అతడు ఆశ్చర్యపోయాడు. అప్పుడు కామెల్లి తన కలను, గూటి సంగతిని మొదటిసారి అందరి ముందు చెప్పింది.

గురువమ్మ తన చేతి గాజులే తీసి కోడలికి తొడిగింది. చిన నూకన్న ఖాళీ అయిన గూటి మీద కామెల్లి కుండను తానే బోర్లించాడు. ఇకపై తాబేలు గూడు మీద చెయ్యి వేయబోమని ఊరి మగవారందరి చేత ఆ కుండ ముట్టించి ఒట్టు వేయించాడు. అడుగు చూసి ఆడదాని గాజులు తీసే కట్టుబాటు కూడా ఆనాటితో పోయింది. జాడ లేకుండా నడిచే తల్లి కాబట్టి ఆమెకు జాడలేనమ్మ అని పేరు వచ్చింది.

నేటికీ ఫాల్గుణ పౌర్ణమి వేకువన కామెల్లి వంశపు ఆడబిడ్డ ఒకరు ఆ కుండ ఎత్తి భక్తులకు చూపిస్తారు. దాని కింద నున్నని ఇసుక తప్ప ఏమీ ఉండదు. అందరూ ఆ ఇసుకకే మొక్కుతారు. ఇక్కడ నిప్పు రాజేయరాదు, గట్టిగా మాట్లాడరాదు, తిన్న ఆకులు పారేయరాదు. దూరాన ఉన్నవారి క్షేమం కోరేవారు కొత్త కుండ ఒకటి పందిరి పక్కన బోర్లించి, తల్లికి అప్పగించి పోతారు. పోయినవారందరూ తిరిగి వస్తారని తల్లి ఎవరికీ మాట ఇవ్వలేదు. అప్పగించిన దానిని మాత్రం ఆమె మరువదని ఇక్కడివారి నమ్మకం. అలా అప్పగించి పోయినవారి మనసు కుదుటపడుతుందని, ఇంటికి వెళ్ళాక నిద్ర పడుతుందని చెబుతారు.

భక్తులు ఒక్క నియమం గుర్తుంచుకోవాలి. అడుగులు తుడుచుకుంటూ పోయేటప్పుడు, పొగడ నీడ వీపుకు తగిలేదాకా వెనక్కి తిరిగి చూడరాదు.