ఒక్క ద్రాక్షకే ఇన్ని రుచులెందుకు?

ఒకప్పుడు ద్రాక్షతీగలకు లోతంటే భయం. వాటి వేళ్లు జానెడు దిగి ఆగిపోయేవి. వాన పడితే తాగేవి, లేకపోతే ఊరుకునేవి. అందుకే ఏ కొండమీద పండినా తెల్ల ద్రాక్షారసానికి ఒకటే రుచి. వాననీళ్ల రుచి.

ఆ రోజుల్లో ఇటలీ దేశపు కొండల్లో జెల్మీరా అనే ఆవిడ ఉండేది. ఆమెకీ, అన్న గ్వెర్రీనోకీ కలిపి ఒకటే తోట. అందులో సగం నల్లమట్టి, సగం తెల్లమట్టి. రెండింట్లోనూ రెండు రకాల తీగలుండేవి. వాటిలో గార్గానేగ అనే తీగ నిదానస్తురాలు, అందరికన్నా ఆలస్యంగా పండేది. రెండోదైన త్రెబ్బియానోకి అన్నిటికీ తొందరే, మాట కూడా పుల్లవిరుపే.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఆకులు అప్పడాల్లా ఎండిపోయాయి. గ్వెర్రీనో గొడ్డలి పట్టుకొచ్చాడు.

"ఇవి బతకవు జెల్మీరా. నరికేసి గొర్రెల్ని పెంచుకుందాం."

"అమ్మ చేత్తో నాటినవి అన్నయ్యా! ఒక్క వారం ఆగు."

"వారమే," అని వెళ్లిపోయాడు.

ఏం చెయ్యాలో తోచక జెల్మీరా సాళ్ల మధ్య బోర్లా పడి ఏడ్చింది. నేలకి ఆనిన చెంపకు అడుగునుంచి చల్లగా తగిలింది.

"నీ దగ్గర నీళ్లున్నాయా?" అని మట్టిని అడిగింది.

నల్లమట్టి గొంతు సవరించుకుంది. "ఉన్నాయి తల్లీ, బాగా లోతున. నీ తీగలే రావు. నేను నిప్పుకొండ కక్కిన మట్టినని వాటికి భయం."

"నా దగ్గరికీ రావు," అంది తెల్లమట్టి. "నేను సముద్రం అడుగున పుట్టాను. ఒంటినిండా గవ్వల పొడి. తాగితే గొంతు పట్టేస్తుందట!"

జెల్మీరా వెళ్లి గార్గానేగ మొదట్లో కూర్చుంది. "ఇంకాస్త దిగమ్మా."

"కాలిపోతానేమో."

"ఆ నిప్పు ఎప్పుడో చల్లారింది. ఇదిగో, నా చెయ్యి పెడుతున్నా చూడు."

గోళ్లు విరిగేదాకా తవ్వి, మోచెయ్యి దాకా నల్లమట్టిలోకి దించింది. చేతికేమీ కాలేదు. సన్నటి వేరొకటి వచ్చి ఆమె వేలిని తడిమి, దాన్ని దాటుకుని కిందికి దిగింది.

"అది వెళ్తే నేనాగుతానా!" అంటూ త్రెబ్బియానో కూడా దూరింది. అటు తెల్లమట్టిలోనూ వేళ్లన్నీ కదిలాయి.

రెండు మట్టులూ ఒకే షరతు పెట్టాయి. "ఇన్నాళ్లూ మా కథ విన్నవాళ్లు లేరు. మా నీళ్లు తాగితే ఆ కథని పైకి తీసుకెళ్లి చెప్పాలి."

"చెప్తాం," అన్నాయి తీగలు.

ఏడోనాడు గొడ్డలితో వచ్చిన గ్వెర్రీనోకి పచ్చటి చిగుళ్లు కనిపించాయి. గొడ్డలి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

పంట చేతికొచ్చాక ఏ మట్టి రసం ఆ పీపాలో పోశారు. రసం పులిసి తేరాక గ్వెర్రీనో రుచి చూసి మొహం ముడిచాడు.

"ఇదేంటి, చెకుముకిరాయి కొట్టిన వాసన! ఆ రెండోదేమో పూలబుట్టలా ఉంది. పాడైపోయాయి జెల్మీరా. రెండూ కలిపేస్తే ఎవరికీ తెలీదు."

"కలిపితే ఎవరి కథా వినపడదు. అవి మాటిచ్చి బతికాయి అన్నయ్యా."

"మరి ఎవరూ కొనకపోతే?"

"ముందు నువ్వు నింపాదిగా తాగు."

గ్వెర్రీనో గడపమీద కూర్చుని నల్లమట్టి రసం ఒక్కొక్క గుక్కే తాగాడు. చివరికి తలెత్తి అడిగాడు.

"ఆ నిప్పుకొండ ఎప్పుడు చల్లారిందే?"

జెల్మీరా నవ్వి, పీపాలను విడివిడిగానే ఉంచింది.

అప్పటినుంచే నల్లమట్టి ద్రాక్షారసంలో రాయి వాసన వస్తుంది, రుచి నాలుకమీద చాలాసేపు నిలుస్తుంది. తెల్లమట్టిది మెత్తగా పూలవాసన వేస్తుంది. గార్గానేగ ఎక్కువైతే చిక్కగా ఉండి, చివర్లో బాదంపప్పు చేదు తగులుతుంది. త్రెబ్బియానో కలిస్తే పలచగా, పుల్లగా ఉంటుంది. కింది మైదానంలో తీగలు మాత్రం ఈనాటికీ పైపైనే తాగుతాయి. వాటి రసం గొంతు దిగగానే మరిచిపోతాం.