నల్లరాతి మీది ఒజ్జ

అనగనగా, పట్టపగలు కూడా మంచు విడవని కోనలో ఒక రాజ్యం ఉండేది. అక్కడి జనానికి గంపబంతి అంటే ప్రాణం. గడ చివర కట్టిన గంపలో ఎవరు ఎక్కువసార్లు బంతి వేస్తే వాళ్ళదే గెలుపు. పొరుగు రాజ్యంతో ఏడాదికి మూడే ఆటలు.

ఆట నేర్పే ఒజ్జ ఆ మూడు రోజులూ బరి పక్కన నల్లరాతి మీద కూర్చోవాలి. పెదవి విప్పకూడదు. గెలిస్తే దండలు వేస్తారు, ఓడితే లోయలోకి తోసేస్తారు. ఇదేం ఆచారమో మరి! అప్పటికి ఏడుగురు ఒజ్జలు అలాగే పోయారు.

ఎనిమిదోవాడు సన్నాసయ్య. ఏడాదంతా చెమటోడ్చి ఆటగాళ్ళను తయారుచేశాడు. తొలి ఆట నాడు పొద్దున్నే వెళ్ళి రాతి మీద చెయ్యి వేస్తే, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు అది వెచ్చగా తగిలింది. పాపం, అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

‘నేర్పాల్సింది నేర్పాను. ఇక బరిలో ఆడేది వాళ్ళు గానీ నేనా?’ అనుకున్నాడు. గబగబా గడ్డిబొమ్మ కట్టాడు. దానికి తన తలపాగా చుట్టి, కంబళి కప్పి రాతి మీద కూర్చోబెట్టాడు. తను ముసుగేసుకుని జనంలో కలిసిపోయాడు. మంచులో ఎవరూ పోల్చుకోలేదు.

తొలి ఆట గెలిచారు.

“ఒజ్జ ఎంత నిబ్బరంగా కూర్చున్నాడో చూశారా? ఆ నిబ్బరమే గెలిపించింది” అంటూ జనం బొమ్మకు దండలు వేశారు.

రెండో ఆటలో జోరున వాన. బొమ్మ కదల్లేదు. మళ్ళీ గెలుపే. “తపస్వి” అంటూ రాజు చేతులు జోడించాడు. అప్పుడు ఆ తలపాగా మెల్లగా సన్నాసయ్య వైపు తిరిగింది. అతను ముసుగు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

మూడో ఆట నాడు, గురి తప్పని ఆటగాడు కొండన్న చలిజ్వరంతో మంచం దిగలేదు. మనవాళ్ళు ఓడారు. కొండన్న మాట ఎవరూ ఎత్తలేదు.

“మొద్దులా ఎలా కూర్చున్నాడో చూడండి. ఇలాంటివాడుంటే గెలుస్తామా?” అన్నాడు మొన్న దండ వేసినవాడే.

అందరూ కలిసి, వానకు నాని బరువెక్కిన బొమ్మను కంబళితో సహా ఎత్తుకుపోయి లోయలోకి విసిరారు. పడిన చప్పుడు రాలేదు. కాసేపటికి మంచు అడుగునుంచి ఏడు గొంతులు నింపాదిగా అడిగాయి.

“ఇది గడ్డి కదా నాయనా. దీని తప్పేమిటి?”

జనం లోయ అంచు నుంచి వెనక్కి జరిగారు. సన్నాసయ్య అప్పుడే పారిపోవచ్చు. కానీ ఆ గొంతులు విన్నాక అతనికి మనసొప్పలేదు. ముసుగు తీసి ముందుకొచ్చాడు.

“మూడు ఆటలూ మీ పక్కనే ఉన్నాను ప్రభూ. మీరు దండ వేసిందీ గడ్డికే, తోసిందీ గడ్డినే. అది మొదటి రోజు ఎలా కూర్చుందో ఈ రోజూ అలాగే కూర్చుంది.”

రాజు తల వంచుకున్నాడు. “ఆ ఏడుగురి పేర్లేమిటి?” అని అడిగాడు.

ఒక్కరికీ గుర్తు లేవు.

ఆ రోజే నల్లరాతిని పెకలించారు. మోసినవాళ్ళ చేతులకు అది ఇంకా వెచ్చగానే తగిలిందట.

కనుక పిల్లలూ, గెలుపోటములు చూసి మనిషిని మెచ్చకండి, తిట్టకండి. అతను చేసిందేమిటో ముందు చూడండి.