జమీందారుగారి తాంబూలం మరక

అనగనగా అంటే మరీ అంత దూరం కాదులే, మా అమ్మమ్మ చిన్నప్పటి మాట. ఒక కాలవ. ఆ కాలవకి ఒక గట్టున తివాచీలు నేసేవాళ్ళ వీధి, రెండో గట్టున ఒక పెద్ద పెంకుటిల్లు. ఊఁ కొడుతూ ఉండు మరి, లేకపోతే నాకు కథ ముందుకు నడవదు.

ఆ పెంకుటింట్లో పేరిందేవమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడకి పొలం ఉంది, పాడి ఉంది. అయినా ఆవిడ గొప్పంతా సావిట్లో పరిచిన తివాచీని చూసుకునే.

అది ఏ రంగుదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అటు నుంచి చూస్తే బూడిదలా ఉండేది, ఇటు నుంచి చూస్తే పేడలా ఉండేది. అంచులు అరిగిపోయాయి. కాలు పెడితే పొగలాగా దుమ్ము లేచేది. అయినా ఆవిడ దాన్ని ఉతకనిచ్చేది కాదు, కనీసం దులపనిచ్చేది కాదు. ఎందుకంటే దాని మీద మూడు మరకలున్నాయి.

ఎవరైనా ఇంటికొస్తే ముందు మంచినీళ్ళిచ్చేది. ఆ తర్వాత మరకలు చూపించేది.

"ఈ పసుపు మరక చూశారా, మా అత్తగారి పెళ్ళిలో హారతి పళ్ళెం ఒలికింది. ఈ నల్ల మరకేమో, హరిదాసుగారు కథ చెప్తూ చెప్తూ ఊగిపోయి దీపం తన్నేశారు. ఆ నూనే ఇది."

అప్పుడు గొంతు తగ్గించి మూడోది చూపించేది. తివాచీకి ఒక చివర, అరచెయ్యంత, ఎర్రగా.

"ఇది సాక్షాత్తూ జమీందారుగారు మనింట్లో కూర్చుని తాంబూలం వేసుకుంటూ జార్చుకున్న చోటు!"

అలా అని ఊరుకునేదా? కొంగు చివర తడిపి, ఆ ఒక్కచోటా గట్టిగా తుడిచి మరీ చూపించేది. ఎరుపు బాగా కనపడాలి కదా! వచ్చినవాళ్ళు నడుం వంచి చూసి "అబ్బో" అనేవాళ్ళు. ఆ "అబ్బో" వింటే చాలు, ఆవిడకి ఆ పూటకి అన్నం కూడా అక్కర్లేదు.

ఆవిడకి గంగరాజు అని ఒక్కడే కొడుకు. కోడలు మాణిక్యం ఆ అవతలి గట్టు తివాచీల వీధి పిల్లే. కొన్నాళ్ళకి మాణిక్యానికి ఒక పాపాయి పుట్టింది. పాపాయి బోర్లపడ్డ రోజున పేరిందేవమ్మ వీధంతా బొబ్బట్లు పంచింది. ఆ తర్వాత, పాకిన రోజున పాయసం పంచాలని బియ్యం, బెల్లం, జీడిపప్పు అన్నీ సిద్ధం చేసి పెట్టుకుంది.

"మా ఇంటి పిల్లలంతా ఆ తివాచీ మీదే పాకారు. నా మనవరాలూ జమీందారుగారు కూర్చున్న చోటే పాకుతుంది. అందరూ రావాలి!" అని ఇంటింటికీ చెప్పి వచ్చింది.

అప్పుడు మాణిక్యం పాపాయిని తెచ్చి తివాచీ మీద దించింది. దించీ దించగానే పాపాయి తుమ్మింది. ఒకటా రెండా! ముక్కు ఎర్రబడే దాకా తుమ్మింది. ఆ రాత్రంతా దగ్గింది. తెల్లారాక మాణిక్యం కొంగు బిగించి అత్తగారి ఎదుట నిలబడింది.

"అత్తయ్యా, దాన్ని ఉతుకుదాం."

"ఉతకడమా! జమీందారుగారిని కుంకుడు రసంలో ముంచుతావటే?"

"ఆయన్నెవరు ముంచుతారు? తివాచీని ముంచుతాను."

"నాకు రెండూ ఒకటే."

"అయితే పిల్లని కిందకి దించను."

"దించకు. నీ నడుమే నొప్పి పుడుతుంది!"

ఇద్దరూ ఇద్దరే. గంగరాజు "అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే" అని పశువుల పాకలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మాణిక్యం అన్నంత పనీ చేసింది. పిల్లని చంకన వేసుకునే నీళ్ళు తోడింది, చంకన వేసుకునే పప్పు రుబ్బింది. పాపాయికేమో పాకాలని ఒకటే ఆరాటం. చంకలో నుంచే కాళ్ళూ చేతులూ ఆడిస్తూ గాల్లో ఈత కొట్టేది. చూసేవాళ్ళకి నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

పేరిందేవమ్మకి మాత్రం మనవరాలు పాకితే చూడాలని ఉండదా? ఉంది. అందుకని ఉతక్కుండానే దాన్ని బాగుచేద్దామనుకుంది.

ముందు సాంబ్రాణి ధూపం వేసింది. పాపాయి తుమ్మింది, ఈసారి ఆవిడ కూడా తుమ్మింది.

ఆ తర్వాత దాని మీద తన పట్టుచీర పరిచింది. పాపాయి తల్లి చంకలోంచి వంగి చీర చెంగు పట్టుకుని ఒక్క లాగు లాగింది. కింద నుంచి దుమ్ము భళ్ళున లేచింది.

అప్పుడిక ఆవిడ, "ఒరే గంగరాజూ, ఇలా రా. దీన్ని తిరగేసి పరుద్దాం. అడుగువైపు దుమ్ముండదుగా!" అంది. తల్లీకొడుకులు చెరో అంచు పట్టుకుని తిరగేశారు.

తిరగేసి, పేరిందేవమ్మ అలాగే నిలబడిపోయింది.

తివాచీ వీపు మీద తోట ఉంది! ముదురు నీలం నేల మీద ఆకుపచ్చని తీగలు, తీగ తీగకీ ఎర్రటి దానిమ్మ పువ్వులు. ఆవాల్లాగా సన్నటి ముడులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ దాని మీద నడిచింది, కూర్చుంది, పడుకుంది. ఎన్నడూ తిరగేసి చూడలేదు.

మాణిక్యం పిల్లని ఎత్తుకుని వంగి, ఆ ముడుల మీద వేళ్ళు పెట్టి నిమిరింది. "మా వీధి చేతులే అత్తయ్యా ఇవి. ఇలాంటి ముడి ఇంకెక్కడా వెయ్యరు" అంది. ఆ మాట అంటుంటే కోడలి మొహం చూడాలి, వెలిగిపోయింది.

"ఏమే, ఈ తోటంతా పైన కూడా ఉంటుందా?"

"ఉండకేం! మట్టి కింద ఉంది."

పేరిందేవమ్మ వంగి ఆ తోటని ఇంకోసారి చూసింది. ఆ తర్వాత అంది, "సరే, ఉతుకు. పసుపు పోతే పోయింది. నూనె పోతే పోయింది. జమీందారుగారి మీద మాత్రం చెయ్యి వేశావా, నేనూరుకోను!"

"ఆయన్ని ముట్టుకోను. సరేనా?"

"నీ మాట నేను నమ్మను. నేనూ వస్తాను."

అప్పుడు తివాచీని దండేనికి వేసి బెత్తాలతో కొట్టారు. ఆ దుమ్ముకి ఎదురిల్లు కనపడకుండా పోయింది. ఆ తర్వాత బండికెత్తి కాలవ రేవుకి తీసుకెళ్ళారు. రేవు మెట్ల పక్కన రాతి చప్టా మీద పరిచారు. పేరిందేవమ్మ పీట ఒకటి తెప్పించి, సరిగ్గా జమీందారుగారి మరక మీద వేయించి, మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని దాని మీద కూర్చుంది. కాపలా!

మాణిక్యం కుంకుడు నురగ పోసింది. చెక్క బద్ద పట్టుకుని, తివాచీ మీది పీచు ఎటు వాలితే అటే, మెల్లగా తోసింది. ఎదురు తోస్తే పీచు రేగిపోతుందట. నీళ్ళు పోసింది, తోసింది, మళ్ళీ పోసింది. ముందు తారులాంటి నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత చెరుకు పానకంలాంటి నీళ్ళొచ్చాయి. చిట్టచివరికి కాలవ నీళ్ళు ఎలా పోస్తే అలాగే తేటగా జారాయి.

ఊళ్ళో ఆడవాళ్ళంతా బిందెలు చంకన పెట్టుకుని అక్కడే నిలబడిపోయారు. పక్కింటి అచ్చాయమ్మకి నోరు ఊరుకుంటుందా?

"ఏం వదినా, నిన్ను కూడా కలిపి ఉతికేస్తోందా నీ కోడలు?"

"ఉతికితే ఉతకనీ! నీకు లేదుగా ఇలా ఉతికే కోడలు!" అంది పేరిందేవమ్మ, పీట మీద నుంచి కదలకుండానే.

ఆ మాటకి మాణిక్యం తల ఎత్తలేదు. కానీ బద్ద ఇంకాస్త హుషారుగా నడిచింది.

ఆ తర్వాత తివాచీని తిరగేసి ఎండలో ఆరబెట్టారు. ఎండుగడ్డి వాసన వచ్చేదాకా ఆరనిచ్చి, ఇంటికి తెచ్చి సావిట్లో పరిచారు. వీధి వీధంతా వచ్చింది. లోపల పొయ్యి మీద పాయసం కుతకుతమంటోంది.

పేరిందేవమ్మ అలవాటు కొద్దీ మరక చూపించబోయింది. చూస్తే మరక లేదు. పీట వేసిన చోటే వెతికింది. అక్కడొక దానిమ్మ పువ్వుంది. దాని పక్కనొక దానిమ్మ పువ్వు. ఆ పక్కన ఇంకొకటి. అన్నీ ఒకే ఎరుపు, అన్నీ అరచెయ్యంత.

"ఏమే, జమీందారుగారేరీ?"

"నేను ముట్టుకోలేదత్తయ్యా. మీరే కదా మీద కూర్చున్నారు!"

అప్పుడు అందరికీ తెలిసింది. ఎవరొచ్చినా కొంగు తడిపి తుడిచీ తుడిచీ, ఆ తివాచీ మొత్తం మీద ఆవిడ శుభ్రం చేసింది ఆ ఒక్క పువ్వునే. దాన్నే తాంబూలం మరక అనుకుంది!

అచ్చాయమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. సావిడంతా గొల్లుమంది. పేరిందేవమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"ఎందుకా నవ్వులు? నేను చూపించింది పువ్వునే. వంగి వంగి చూసి అబ్బో అన్నది మీరు కాదూ?" అంది. ఆ తర్వాత కోడలి చెయ్యి పట్టుకుని నలుగురి మధ్యకి తెచ్చి, "ఇది మా కోడలి వీధివాళ్ళు నేసిన తివాచీ. మా కోడలు ఉతికిన తివాచీ. ఇప్పుడనండి అబ్బో!" అంది.

అందరూ అన్నారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే వంగి కూడా చూశారు.

అప్పుడు మాణిక్యం పాపాయిని దించింది. సావిడంతా గప్‌చుప్. తుమ్ము రాలేదు. పాపాయి రెండు చేతులూ పూల మీద ఆనించింది, ఒకసారి ఊగింది, కదిలింది. పాకింది! తీగలు దాటింది. పువ్వులు దాటింది. ఇన్నాళ్ళూ గాల్లో కొట్టిన ఈతంతా ఇప్పుడు నేల మీద చూపించింది. తివాచీ అంచు వచ్చినా ఆగలేదు. గచ్చు మీద నుంచి చరచరా వెళ్ళి, వీధి గుమ్మం పట్టుకుని, గడప ఎక్కి, అవతల అరుగు మీదకి దొర్లి కూర్చుని కేరింతలు కొట్టింది.

"అయ్యో, గడప కూడా దాటేసిందే!" అని పేరిందేవమ్మ పాయసం వడ్డించడానికి తీసిన గరిటె పట్టుకునే పరుగెత్తింది. గడప దాటిన పిల్లకి గారెలు వండాలి కదా. పప్పు నానబోసింది లేదు!

అయినా ఆవిడ మొహంలో దిగులు ఇసుమంతైనా లేదు. పాపాయిని భుజానికెత్తుకుని వీధికి వినపడేలా అంది.

"వినండర్రా! పాకడం, గడప దాటడం ఒక్క పూటలో చేసింది నా మనవరాలు. ఇవాళ పాయసం తాగండి. గారెలకి రేపు మళ్ళీ రండి. ఇలాంటిది మీలో ఎవరింట్లోనైనా జరిగిందా? జరిగితే చెప్పండి, చూస్తాను!"

ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు, నోళ్ళ నిండా పాయసమాయె.

తివాచీ పరిచాం, పాయసం తాగాం,
కథని కంచి దారి పట్టించి వచ్చాం,
మనింట్లో మన పక్క మీద మనం వాలాం.